గోదావరి మొగల దగ్గర పిల్ల స్క్విడ్‌లు: పట్టడం, డీఎన్ఏతో జాతి తేల్చడం, మ్యాపు మీద పెట్టడం

భైరవపాలెం రేవులో తెల్లారకముందే బోటు సరుకును టార్పాలిన్ మీద పోస్తారు. ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని చకచకా కుప్పలు చేసేస్తారు. రొయ్యలు ఒకవైపు, పెద్ద చేపలు ఒకవైపు, చేతికి నిండుగా వచ్చే స్క్విడ్‌లు ఇంకోవైపు. మిగిలింది ఒక కుప్పగా పక్కకు పోతుంది. చితికిన చేపపిల్లలు, పీత కాళ్ళు, జెల్లీ, వాటి మధ్యలో గోరంత నుంచి వేలెడంత దాకా ఉన్న స్క్విడ్‌లు. అవేంటని అడిగితే "పిల్లలండి" అంటారు. ఎండబెట్టి మేతకు పంపేస్తారు.

ఆ కుప్పలో ఉన్నవన్నీ పిల్లలు కావు. లోలియోలస్ అనే చిన్న రకం స్క్విడ్ ఉంది. అది వేలెడంత ఉండగానే పెద్దదైపోతుంది, గుడ్లు పెడుతుంది. దాని పక్కనే, సరిగ్గా అదే సైజులో, మనం ఎగుమతి చేసే ఇండియన్ స్క్విడ్ ఇంకా పసిదిగా ఉంటుంది. దీని శాస్త్రీయ నామం యూరోట్యూథిస్ డువాసెలీ. రెండింటినీ కలిపి "పిల్లలు" అని లెక్క వేస్తే, ఏ మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే ఏ చోట, ఏది పెరుగుతోందో ఎప్పటికీ తెలియదు. అందుకే ముందు జాతి తేల్చాలి, తర్వాతే లెక్క. ఈ గైడ్ డెల్టా కాలేజీల్లో జువాలజీ, ఫిషరీస్ చదివేవాళ్ళ కోసం, వాళ్ళ చేత ప్రాజెక్టు చేయించే లెక్చరర్ల కోసం. ల్యాబ్‌లో పీసీఆర్ మెషీన్ (డీఎన్ఏ ముక్కకు నకళ్ళు తీసి పెంచేది) లేకపోయినా సగం పని మీరే చేయొచ్చు. నిజానికి పాడయ్యేది ఎక్కువగా ఆ సగంలోనే.

ముందు ఏం వెతుకుతున్నారో తెలుసుకోండి

గుడ్డులోంచి వచ్చిన స్క్విడ్ పిల్ల చూడ్డానికి పెద్దదానికి చిన్న బొమ్మలా ఉంటుంది. చాలా చేపల పిల్లల్లా పూర్తిగా వేరే రూపంలో ఉండదు. కానీ బతికే తీరు వేరు. నీళ్ళు ఎటు తీసుకెళితే అటు, ప్లాంక్టన్‌తో పాటు తేలుతూ ఉంటుంది. ఈ దశకు 1988లో యంగ్, హార్మన్ అనే శాస్త్రవేత్తలు పారాలార్వా అని పేరు పెట్టారు. ఒడ్డు దగ్గర ఉండే స్క్విడ్‌ల పిల్లలు చాలావరకు 2–3 మిల్లీమీటర్లు ఉంటాయి. సెపియోట్యూథిస్ లెస్సోనియానా అనే వెడల్పు రెక్కల రకానివి మాత్రం పుట్టుకతోనే 5–6 మిల్లీమీటర్లు ఉంటాయి.

ఈ వయసులో కంటితో జాతి చెప్పడం చాలా కష్టం. పెద్దవాటిని పోల్చుకోవడానికి మనం చూసేవి చేతుల మీది చూషకాల్లో (పట్టుకుని అతుక్కునే గిన్నెల్లో) ఉండే పళ్ళ వరుస, రెక్క ఆకారం, మగదానికి మారిపోయి ఉండే ఎడమ కింది చెయ్యి. పిల్లల్లో ఇవి ఇంకా తయారు కావు. ఒంటి మీది రంగు చుక్కల అమరిక కొంత సాయం చేస్తుంది, అదీ బతికి ఉండగానే. అందుకే డీఎన్ఏ.

అనుమతులు, క్యాలెండరు

కోరింగ అభయారణ్యం సరిహద్దు మ్యాపు దగ్గర పెట్టుకోండి. 1978లో ప్రకటించిన అభయారణ్యం అది. దాని లోపల ఏ జీవిని పట్టాలన్నా అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా కావాలి. మడ అడవుల్లో నావ తిప్పుతూ "చిన్న వలే కదా" అనుకోవద్దు. యానాం రేవు నుంచి బయల్దేరితే అది పుదుచ్చేరి పాలన, అక్కడి మత్స్యశాఖను వేరేగా కలవాలి. వలలో సముద్రపు గుర్రం పడితే ఫొటో కూడా తీయబోకుండా వెంటనే వదిలేయండి. అది వన్యప్రాణి చట్టం కాపాడే జీవి. శాంపిళ్ళను సీక్వెన్సింగ్‌కు (డీఎన్ఏ అక్షరాల వరుస చదివించడానికి) విదేశానికి పంపే ఆలోచన ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం అడ్డం వస్తుంది, అందుకని దేశంలోని ల్యాబ్‌కే పంపండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులు మర పడవలు కదలవు, రేవులో శాంపిల్ దొరకదు. ఏడాదంతా లెక్క కావాలంటే ఈ ఖాళీని ముందే ప్లాన్‌లో రాసుకోవాలి, చివర్లో చూసి కంగారు పడకూడదు.

ఇక గోదావరి క్యాలెండరు. పులస కోసం ఎదురుచూసే రోజుల్లో, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, నదికి ఎర్రనీరు వస్తుంది. స్క్విడ్ ఒంట్లో ఉప్పును తనంతట తాను సరిచేసుకోలేదు. బయటి నీరు ఎంత ఉప్పగా ఉంటే ఒంట్లోనూ దాదాపు అంతే. మంచినీరు కలిసి ఉప్పుదనం బాగా పడిపోయిన చోటు నుంచి అది తప్పుకుంటుంది. అమెరికా తీరంలో లోలిగన్‌క్యులా బ్రెవిస్ అని తక్కువ ఉప్పుకు తట్టుకునే రకం ఒకటి ఉంది కానీ, అది స్క్విడ్‌లలో అరుదైన సంగతి. మొదటి ఏడాది పడవ నడిపే సరంగు ఒకాయన నాతో అన్న మాట ఇది: "ఎర్రనీళ్ళు ఉన్నన్నాళ్ళూ ఇక్కడ వల వేయడం దండగ బాబూ, నీళ్ళు తేరుకోనివ్వండి." ఆయన చెప్పింది వేట సంగతి. అయినా సర్వే చేసేవాళ్ళు ఆ రోజుల్లోనూ వల వేయాలి. లేవు అని రాసుకోవడం కూడా డేటాయే.

ముందు పెద్దవాటితో ఒక ఆధారం తయారుచేసుకోండి

చాలామంది నేరుగా పిల్లల మీద పడతారు. సీక్వెన్స్ వచ్చాక దాన్ని దేనితో పోల్చాలో తెలియక ఇంటర్నెట్‌లో ఏది ముందు వస్తే ఆ పేరు పెట్టేస్తారు. అలా చేయకండి. ముందు కాకినాడ ఫిషింగ్ హార్బర్‌కు, ఉప్పాడకు, అంతర్వేది పల్లిపాలేనికి వెళ్ళి పెద్ద స్క్విడ్‌లు కొనండి. ఒక్కో రకానికి కనీసం ఐదారు, మగవీ ఆడవీ. ఇవే మీ సొంత నిఘంటువు.

కోసి చూసేటప్పుడు ఈ వరుసలో చూడండి. లోపల పింగాణీలా గట్టి తెల్లటి ఎముక తగిలిందా? అది స్క్విడ్ కాదు, కటిల్‌ఫిష్. స్క్విడ్‌లో ఉండేది ప్లాస్టిక్‌లాంటి పల్చటి పారదర్శక ఈక. రెక్క ఒంటి పొడవునా దాదాపు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటే సెపియోట్యూథిస్. రెక్క వెనక భాగంలోనే గాలిపటంలా ఉంటే పొట్ట చీల్చి సిరా సంచి చూడండి. సంచికి అటూ ఇటూ రెండు చిన్న మెరిసే గింజల్లాంటి కాంతి అవయవాలు ఉంటే యూరోట్యూథిస్. అవి లేకపోతే లోలియోలస్ కావచ్చు. వేలెడంత స్క్విడ్‌ను చేతిలో పట్టుకుని ఇది పసిదా, ముదిరిందా అని చూడాలన్నా ఇదే దారి. పొట్టలో పసుపుపచ్చ గుడ్లు కనిపిస్తే అది పిల్ల కాదు. రేవులో మీరు చేయగల అన్ని పరీక్షల్లోకీ ఇది చవక, ఇది నమ్మకం.

ప్రతి పెద్దదాని నుంచి శనగగింజంత కండ తీయండి. చర్మం ఒలిచేసి లోపలి తెల్ల కండే తీయాలి. సిరా అంటకూడదు. సిరాలో ఉండే మెలనిన్ తర్వాత పీసీఆర్‌ను పని చేయనివ్వదు. మిగతా ఒళ్ళు పారేయకండి. రేపు ఎవరైనా "ఇది నిజంగా ఆ జాతేనా" అంటే చూపించడానికి అదే సాక్ష్యం.

పిల్లల్ని పట్టడం

రెండు దారులు. గోరంతకు మించినవి కావాలంటే బోట్ల మిగులు కుప్ప, ఒడ్డున లాగే అలివి వల. పారాలార్వా కావాలంటే ప్లాంక్టన్ వల. 300 నుంచి 500 మైక్రాన్ల కన్ను ఉన్న వల తీసుకోండి. మూతి 60 సెంటీమీటర్లు ఉంటే ఫైబర్ పడవ లాగగలదు. వేగం 1–2 నాట్లు. అంతకు మించితే నీరు వలలోకి పోకుండా మూతి దగ్గరే పొంగి పక్కలకు పోతుంది, సున్నితమైన ఒళ్ళు చితుకుతాయి. 10 నిమిషాలు చాలు. మొగ దగ్గర బురద, జెల్లీ ఎక్కువైతే 5 నిమిషాలకే వల మూసుకుపోతుంది, అప్పుడు టైము తగ్గించి రెండుసార్లు లాగండి.

లోతు మధ్యలో కూడా వల తిరగాలి. కిందికి దించి మెల్లగా పైకి తెస్తూ ఏటవాలుగా లాగండి. పారాలార్వాలు పగలు కిందికి, రాత్రి పైకి కదులుతాయి. పగలు మాత్రమే పైపైన లాగి "ఇక్కడ లేవు" అని రాస్తే అది తప్పు లెక్క. వీలైతే ఒకే చోట పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వల వేయండి. లైఫ్ జాకెట్ లేకుండా రాత్రి మొగ దాటొద్దు. మొగలో ఇసుక దిబ్బలు ప్రతి వరదకూ జరుగుతూ ఉంటాయి, ఆ నీళ్ళు తెలిసిన సరంగు పక్కన ఉండి తీరాలి.

వల నుంచి ఎంత నీరు పోయిందో లెక్క కావాలి. మూతికి ఫ్లోమీటర్ కడితే మంచిది. లేకపోతే జీపీఎస్‌తో దూరం తీసుకోండి. 60 సెంటీమీటర్ల మూతి వైశాల్యం 0.283 చదరపు మీటర్లు. 600 మీటర్లు లాగితే సుమారు 170 ఘనపు మీటర్ల నీరు. అందులో 3 పిల్లలు దొరికితే 1000 ఘనపు మీటర్లకు దాదాపు 18. వేర్వేరు రోజులను పోల్చడానికి ఈ అంకెనే వాడాలి, ట్రేలో ఉన్న 3ని కాదు.

చోట్లు ఇలా ఎంచుకోండి: భైరవపాలెం దగ్గర గౌతమి మొగ, ఓడలరేవు దగ్గర వైనతేయ మొగ, అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగ. ఒక్కో మొగ నుంచి సముద్రం వైపు 5, 10, 20 మీటర్ల లోతుల్లో మూడేసి స్టేషన్లు. హోప్ ఐలాండ్ లోపలి వైపు కాకినాడ అఖాతంలో ఇంకో రెండు. నీరు మొగల్లో లోపలికీ బయటికీ దొర్లుతూ ఉంటుంది కాబట్టి పోటు మీద ఉందో పాటు మీద ఉందో ప్రతిసారీ రాయాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లు పెద్దవి, వాటిని మిగతా రోజులతో కలిపి సగటు తీయకండి.

ప్రతి స్టేషన్‌లో పైనీరు, అడుగునీరు రెండింటి ఉప్పుదనం కొలవండి. చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ చాలు. వరద రోజుల్లో మంచినీరు ఉప్పునీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పైన మాత్రమే కొలిస్తే స్క్విడ్ అసలు ఉండలేని చోటు అనిపిస్తుంది. రెండు మూడు మీటర్ల కిందకు దింపి నీరు తీస్తే సముద్రపు ఉప్పు తగలొచ్చు.

ట్రేలో చూసేటప్పుడు

వల నుంచి వచ్చింది సముద్రపు నీరు పోసిన పారదర్శక ట్రేలోకి వంచండి. కింద నల్ల కాగితం పెడితే ఇంకా బాగా కనిపిస్తాయి. మొదట ఏమీ కనపడదు, అంతా తవుడు కలిపిన నీళ్ళలా ఉంటుంది. ఒక్క నిమిషం కదలకుండా చూడండి. గాజు ముక్కలాంటిది ఒకటి చటుక్కున వెనక్కి జరుగుతుంది. దాని ఒంటి మీద ఇటుక రంగు, పసుపు రంగు చుక్కలు ఆవగింజల్లా పెద్దవై మళ్ళీ సూదిమొనలంత అయిపోతాయి. ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. రెండు నల్లటి కళ్ళు, వాటి ముందు కురచ చేతులు. ఆ మొదటి పిల్లను చూసిన రోజు నేను వల కడగడం కూడా మరచిపోయాను.

గరిటెతో గానీ ఫోర్సెప్స్‌తో గానీ తీయొద్దు. మూతి వెడల్పుగా కోసిన ప్లాస్టిక్ డ్రాపర్‌తో నీటితో సహా పీల్చండి. బతికి ఉండగానే పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి ఫొటో తీయండి. ఫోన్‌కు క్లిప్ లెన్స్ పెట్టినా చాలు. పక్కన మిల్లీమీటర్ల కాగితం ఉండాలి. పొడవు ఇప్పుడే కొలవండి. ఆల్కహాల్‌లో పడగానే ఒళ్ళు ముడుచుకుపోతుంది, చుక్కలు పోతాయి. మళ్ళీ కొలిచినా పనికిరాదు. పొడవు అంటే చేతుల దాకా కాదు, మాంటిల్ అనే సంచి భాగం పొడవే.

చూపుకు ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపుగా పెట్టండి. ప్రతి పిల్లకూ సీక్వెన్సింగ్ చేయించే డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. ఒక్కో గుంపు నుంచి కొన్నింటికి చేయించి, గుంపంతా ఒకే జాతా కాదా చూడొచ్చు. గుంపులో రెండు జాతులు బయటపడితే ఆ గుంపును నమ్మకుండా ఎక్కువ వాటికి చేయించండి.

ఆల్కహాల్, లేబుల్

ఈ భాగం చదవకుండా దాటకండి. పని పాడయ్యేది ఇక్కడే.

ఫార్మలిన్ వాడొద్దు. కాలేజీ మ్యూజియం సీసాలన్నీ ఫార్మలిన్‌లో ఉంటాయి కాబట్టి చేతికి అదే వస్తుంది. అది డీఎన్ఏను ప్రొటీన్లతో కట్టిపడేస్తుంది, ముక్కలు చేస్తుంది. 95 శాతానికి తగ్గని ఇథనాల్ కావాలి. మార్కెట్‌లో దొరికే నీలిరంగు స్పిరిట్ కాదు, అందులో కలిపేవాటి వల్ల శాంపిల్ పాడవ్వొచ్చు. స్క్విడ్ ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. ఆ నీరు బయటికి వచ్చి ఇథనాల్‌ను పల్చన చేస్తుంది. అందుకని శాంపిల్‌కు కనీసం ఐదింతలు ఇథనాల్ పోయండి, 24 గంటల తర్వాత పాతది పారబోసి కొత్తది పోయండి. ఒడ్డుకు వచ్చేదాకా ఐస్ పెట్టెలో, ఆ తర్వాత ఫ్రీజర్‌లో ఉంచండి. మే నెలలో డెల్టా ఎండకు బైకు డిక్కీలో రెండు గంటలు ఉంచినా నష్టమే.

లేబుల్ సంగతి. నేను మొదటి ఏడాది నవంబరులో ఓడలరేవు దగ్గర మూడు రాత్రులు నిద్ర మానుకుని పట్టిన 43 ట్యూబుల మీద పర్మనెంట్ మార్కర్‌తో నంబర్లు వేశాను. ఒక ట్యూబు మూత సరిగా బిగుసుకోలేదు, ఇథనాల్ పెట్టె అంతా కారింది. ఇంటికొచ్చి పెట్టె తీస్తే నంబర్లన్నీ నీలి మరకలు. ఏది పైనీటిది, ఏది 20 మీటర్ల లోతుది, ఏది ఏ రాత్రిది అని చెప్పే దారే లేదు. ఆ 43లో డీఎన్ఏ చక్కగానే ఉంది. జాతి పేరూ వచ్చేది. కానీ ఏ చోటిదో తెలియని పేరు మ్యాపు మీద ఎక్కడ పెడతారు? ఆ పెట్టె ఇప్పటికీ నా అల్మరాలోనే ఉంది.

అప్పటి నుంచి ఇలా చేస్తున్నాను. మందపాటి కాగితం చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపల వేస్తాను. పెన్సిల్ గీత ఇథనాల్‌లో కరగదు. అదే నంబరు బయట కూడా, అదే నంబరు నోట్‌బుక్‌లో కూడా. నోట్‌బుక్‌లో నంబరు పక్కన తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు దశాంశంలో ఐదు అంకెల దాకా, లోతు, పోటా పాటా, రెండు ఉప్పుదనాలు, నీటి వేడి, వల కన్ను, లాగిన దూరం. ఒడ్డుకు రాగానే ఆ పేజీకి ఫోన్‌తో ఫొటో. ఇవన్నీ రాయడానికి పడవలో ఒక మనిషిని కేవలం రాతకే పెట్టండి. వల లాగిన తడి చేతులతో ఎవరూ సరిగా రాయలేరు.

డీఎన్ఏ తీయడం

పెద్దవాటి కండకు సీట్యాబ్ అనే రసాయనం వాడే పద్ధతి బాగా పనిచేస్తుంది. నత్తలు, స్క్విడ్‌ల కణజాలంలో ఉండే జిగురు పదార్థాలు డీఎన్ఏతో పాటు వచ్చి పీసీఆర్‌ను ఆపేస్తాయి. సీట్యాబ్ వాటిని విడదీస్తుంది. కండను సన్నగా తరిగి, ఇథనాల్ ఆరనిచ్చి, సీట్యాబ్ ద్రావణంలో ప్రొటినేజ్ కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైము) కలిపి 60 డిగ్రీల దగ్గర కరిగేదాకా ఉంచాలి. తర్వాత క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24కు 1 పాళ్ళలో కలిపి సెంట్రిఫ్యూజ్‌లో వడిగా తిప్పి, పై పొరను మాత్రమే తీసుకుని ఐసోప్రొపనాల్‌తో డీఎన్ఏను కిందికి దించాలి. క్లోరోఫాం పని ఫ్యూమ్ హుడ్‌లోనే.

పారాలార్వాకు ఇంత తతంగం చేస్తే ఉన్న కాస్తా మధ్యలో పోతుంది. దానికి కురచ దారి ఉంది. ఒక చెయ్యి గానీ, మాంటిల్ అంచు ముక్క గానీ తీసి 25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో వేసి 95 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, అంతే పరిమాణంలో ట్రిస్ ఆమ్ల ద్రావణం పోసి చల్లార్చండి. పీసీఆర్‌కు అదే సరిపోతుంది. మిగతా ఒళ్ళు అదే నంబరుతో ఇథనాల్‌లోనే ఉంచండి. ఒక పిల్లకు మరో పిల్లకు మధ్య ఫోర్సెప్స్‌ను 10 శాతం బ్లీచ్‌లో ముంచి, కడిగి, మంట మీద చూపించండి.

పీసీఆర్

జంతువుల జాతి తేల్చడానికి మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో ఒక ముక్కను బార్‌కోడ్‌గా వాడదామని 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. ఆ ముక్క పొడవు సుమారు 658 అక్షరాలు. దాన్ని పెంచడానికి ఎక్కువమంది వాడేది 1994లో ఫోల్మర్ బృందం ఇచ్చిన ఎల్‌సీఓ 1490, హెచ్‌సీఓ 2198 ప్రైమర్ల జత. ప్రైమర్లంటే పెంచాల్సిన ముక్క రెండు చివర్లకు అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలు. 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 94 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, వేడి మార్పుల చక్రాన్ని 35 సార్లు తిప్పి, ప్రైమర్ అతుక్కునే వేడిని 48–50 డిగ్రీల దగ్గర ఉంచి చూడండి. జెల్ మీద బ్యాండ్ (పెరిగిన డీఎన్ఏ కనిపించే గీత) రాకపోతే డీఎన్ఏను పదింతలు పల్చన చేసి మళ్ళీ వేయండి. చాలాసార్లు సమస్య డీఎన్ఏ తక్కువై కాదు, దాంతో వచ్చిన జిగురు ఎక్కువై. అప్పటికీ రాకపోతే 16ఎస్ జన్యువు ప్రైమర్లకు మారండి. వీలైతే ఎప్పుడూ రెండూ చేయండి, ఒకదాని మాటను రెండోది సరిచూస్తుంది.

ప్రతిసారీ డీఎన్ఏ బదులు నీళ్ళు వేసిన ఒక ట్యూబు ఉండాలి. జెల్ మీద ఆ గడిలో బ్యాండ్ కనిపిస్తే ఆ రోజు పనంతా పక్కన పెట్టండి. బాధగా ఉంటుంది, అయినా పక్కన పెట్టాల్సిందే.

కాలేజీలో సదుపాయం లేకపోతే డీఎన్ఏ తీసి, సీక్వెన్సింగ్ సంస్థలకు పంపొచ్చు. కొరియర్‌లో ఇథనాల్ పంపకూడదు, మండే పదార్థం. కాకినాడలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, కేంద్ర మత్స్య విద్యా సంస్థ కేంద్రం ఉన్నాయి. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మీ ప్రాజెక్టు ఒక పేజీలో రాసుకుని మీ లెక్చరర్‌తో కలిసి వెళ్ళి అడగండి.

సీక్వెన్స్ చదవడం

వచ్చిన ఫైలును నేరుగా బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ను ఆన్‌లైన్ భండారంతో పోల్చే సాధనంలో) వేయకండి. ముందు గ్రాఫ్ తెరవండి. కొండల్లాంటి శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న మొదటి, చివరి భాగాలు కత్తిరించండి. రెండు దిశల రీడింగులు కలపండి. తర్వాత వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా కోడ్‌తో, అంటే 5వ నంబరు పట్టికతో, ప్రొటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ ఇక్కడితో ఆగాలనే గుర్తు) వస్తే మీకు దొరికింది అసలు జన్యువు కాకపోవచ్చు. కేంద్రకంలోకి ఎప్పుడో చేరిన నకలు కావచ్చు. సాధారణ పట్టిక పెట్టి చూసి కంగారు పడినవాళ్ళను చూశాను, ముందు పట్టిక నంబరు సరిచూసుకోండి.

ఇప్పుడు జెన్‌బ్యాంక్, బోల్డ్ అనే ఆన్‌లైన్ డీఎన్ఏ భండారాల్లో పోల్చండి. 98 శాతం పైగా కలిస్తే జాతి దొరికినట్టే అనిపిస్తుంది. కానీ అక్కడున్న పేరు పెట్టింది కూడా మనలాంటి మనుషులే. ఒకే స్క్విడ్ పాత ఎంట్రీల్లో లోలిగో డువాసెలీ అని, కొత్తవాటిలో యూరోట్యూథిస్ డువాసెలీ అని కనిపిస్తుంది, రెండింటినీ వెతకాలి. మొదటి ఫలితం ఒక్కదాన్ని నమ్మకుండా మొదటి ఇరవై చూడండి. మీ హార్బర్ పెద్దవాటి సీక్వెన్స్‌లు పక్కన పెట్టి, కటిల్‌ఫిష్ ఒకదాన్ని బయటి జాతిగా చేర్చి, మెగా సాఫ్ట్‌వేర్‌లో వంశవృక్షం గీయండి. మీ పిల్ల మీ పెద్దదాని కొమ్మ మీదే కూర్చుంటే ధైర్యంగా పేరు రాయండి. ఏ కొమ్మకూ చెందకపోతే ప్రజాతి పేరు వరకే రాసి ఆపండి.

సెపియోట్యూథిస్ లెస్సోనియానా దగ్గర మరీ జాగ్రత్త. ఒకే జాతి అని పుస్తకాలు రాసినదాన్ని ఒకినావా జాలర్లు ఎప్పటి నుంచో ఆకా-ఇకా, షిరో-ఇకా, కువా-ఇకా అని మూడు పేర్లతో పిలుస్తున్నారు. 1990ల్లో జన్యు పరీక్షలు చేస్తే జాలర్ల మాటే నిజమైంది. అందుకే రేవులో మనవాళ్ళు ఏ స్క్విడ్‌ను ఏ పేరుతో పిలుస్తున్నారో, ఏ తేడా చూసి అలా అంటున్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. "బాబాయ్, ఈ రెండూ ఒకటేనా?" అని అడిగితే వాళ్ళు చెప్పేది వినండి. పరీక్ష పెట్టాల్సిన ప్రశ్న ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

మ్యాపు

ఇప్పుడు లేబుల్ చీటీలు, జాతి పేర్లు ఒకే షీటులోకి ఎక్కించండి. ఒక్కో వలకు ఒక్కో వరుస. పిల్లలు దొరకని వలకూ వరుస ఉండాలి, అక్కడ సున్నా. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో జాతికి ఒక రంగు, 1000 ఘనపు మీటర్లకు ఎన్ని అన్నదాన్ని బట్టి వృత్తం సైజు. ఎర్రనీటి నెలలు, నీళ్ళు తేరిన నెలలు వేర్వేరు మ్యాపులుగా గీయండి. అన్నీ కలిపితే ఏ కథా కనిపించదు.

మ్యాపు మీద చుక్క పడిన చోటే ఆ పిల్ల పుట్టిందని మాత్రం రాయకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఒడ్డు వెంట నీరు దక్షిణానికి నడుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి. నవంబరులో అంతర్వేది దగ్గర దొరికిన పారాలార్వా విశాఖ వైపు పుట్టి కొట్టుకొచ్చినదైనా కావచ్చు. గుడ్లు పెట్టే చోటు చెప్పాలంటే గుడ్లే దొరకాలి. వలల తాళ్ళకు, అడుగున ఉన్న కర్రలకు తెల్లటి జెల్లీ వేళ్ళలా గుత్తులుగా అంటుకుని వస్తాయి. వాటిలోంచి ఒక్క వేలు కోసుకుని ఇథనాల్‌లో వేసి, మిగతా గుత్తిని నీళ్ళలోకే దించమని పడవ వాళ్ళను అడగండి. గుడ్డులోని పిండానికీ ఇదే పీసీఆర్ పనిచేస్తుంది.

సీక్వెన్స్‌లను జెన్‌బ్యాంక్‌లో పెట్టేటప్పుడు చోటు, తేదీ, భద్రపరిచిన ఒంటి నంబరు తప్పకుండా చేర్చండి. ఆ తర్వాత మ్యాపును తెలుగులో ప్రింటు తీసి, మొదట మిమ్మల్ని సముద్రంలోకి తీసుకెళ్ళిన సరంగుకు ఇవ్వండి. కేరళలో 8 సెంటీమీటర్లకు తక్కువ ఇండియన్ స్క్విడ్‌ను పట్టకూడదని నిబంధన ఉంది. ఇక్కడ అలాంటి మాట ఎప్పుడైనా వస్తే, ఏ నెలలో ఏ మొగ దగ్గర ఉన్నవి నిజంగా పసివో, ఏవి వేలెడంతే పెరిగే లోలియోలస్ రకమో చూపించడానికి ఆయన చేతిలో ఒక కాగితం ఉండాలి. ఇచ్చేటప్పుడు వచ్చే అమావాస్యకు పడవ ఖాళీగా ఉందేమో కూడా అడగండి. రెండో ఏడాది వల అవే స్టేషన్లలో, అదే పోటు మీద వేయాలి.